నూట ఎనభై ఏడున్నర

ఫిలోమినా టీచరు దగ్గర సైన్సు చదివినవాళ్లు యానాంలో రెండే రకాలు. పాతిక వచ్చినవాళ్లు, సున్నా వచ్చినవాళ్లు. మధ్యరకం లేదు. మంగళవారం సంతలో వంకాయలు బేరమాడుతున్న మనిషిని ఆపి "నువ్వు ఏ బ్యాచ్?" అని అడిగితే ఏ సంవత్సరమో చెప్పడు. "సున్నా బ్యాచ్ అండీ" అంటాడు నవ్వుతూ. పాతిక బ్యాచ్ వాడైతే అడక్కుండానే చెబుతాడు.

ఇదంతా ఆవిడ పేపరు మహిమ. ఆ ప్రాంతంలోని ప్రభుత్వ బళ్లన్నిటికీ తొమ్మిదో తరగతి సైన్సు పేపరు ఏళ్ల తరబడి ఆవిడే తయారుచేసి, ఆవిడే దిద్దేది. యాభై మార్కుల్లో పాతిక మామూలు ప్రశ్నలకి. మిగతా పాతికా ఒకే ఒక్క ప్రశ్నకి. దానికి అయిదు మెట్లు, మెట్టుకి అయిదు మార్కులు. మొదటి మెట్టులో వచ్చిన జవాబు తీసుకుని రెండోది చెయ్యాలి, రెండోదాన్ని పట్టుకుని మూడోది, అలా చివరిదాకా. దానికి గొలుసు ప్రశ్న అని ఆవిడే పేరు పెట్టుకుంది. మొదటి మెట్టు తప్పితే మిగతా నాలుగూ దిద్దేది కాదు. అడ్డంగా ఒక ఎర్రగీత, పక్కన గుండ్రంగా సున్నా. చేతిరాత అంతంతమాత్రమే గానీ, ఆ సున్నా మాత్రం ముత్యంలా వేసేది.

ఏ తండ్రో బడికొచ్చి "మిగతావి కూడా ఓసారి చూడొచ్చు కదండీ టీచర్‌గారూ" అని నసిగితే, "పునాది లేని మేడ కట్టిస్తే కాపరం ఉంటావా బాబూ నువ్వు?" అని అడిగేది. మేడ మాట దేవుడెరుగు, ఉన్న తాటాకిల్లే కారుతోందని చెప్పలేక ఆయన దణ్ణం పెట్టి వెళ్లిపోయేవాడు.

ఈ నమ్మకం ఆవిడకి ఊరికే రాలేదు. రాజమండ్రిలో బి.ఎడ్. చదివే రోజుల్లో ఒక లెక్చరరుగారు, "సైన్సంటే గొలుసమ్మా, ఒక లంకె తెగితే అంతా తెగినట్టే" అన్నాడట. ఆయన ఆ మాట అనేసి టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఈవిడ మాత్రం దాన్ని నెత్తిన పెట్టుకుని యానాం తెచ్చుకుంది. ఇంట్లో వంటకీ అదే సూత్రం. చేపల పులుసుకి చింతపండు రసం సరిగ్గా కుదరలేదనిపిస్తే, ఆ పైన ఏం వేసినా దండగేనని పొయ్యి ఆర్పేసేది. భర్త బతికున్నప్పుడు ఆయనా, ఆయన పోయాక కొడుకు ఆనందూ అలాంటి రోజుల్లో ఆవకాయ కలుపుకుని తినేవారు. చేపకి పెట్టిన డబ్బు ఏట్లో పోసినట్టే. పిల్లి మాత్రం సుఖపడేది.

అయితే గొలుసు ప్రశ్న గురించి ఊళ్లో పిల్లలందరికీ తెలిసి, ఆవిడ ఒక్కదానికే తెలియని సంగతి ఒకటుంది. పేపరు చేతికి రాగానే సగంమంది దాన్ని కిందనుంచి పైకి చదివేవారు. ఎందుకంటే టీచరుగారికి కథ చెప్పడం ఇష్టం. అయిదో మెట్టు దగ్గరికి వచ్చేసరికి కథ రక్తి కట్టాలని, జరిగినదంతా ఒకసారి తలుచుకునేది. "ఇన్ని కిలోమీటర్లు తిరిగొచ్చిన ఈ బస్సు" అనో, "ఇంత వేడెక్కిన ఈ నీరు" అనో మొదలుపెట్టేది. ఆ ఇన్నీ, ఇంతా అన్నచోట పై మెట్టు జవాబు బంగారంలా కూర్చుని ఉండేది. దాన్ని పట్టుకుని పైకి పాకితే మొదటిది కూడా దొరికిపోయేది. ఈ కిటుకు పదో తరగతి వాళ్లు తొమ్మిదో తరగతి వాళ్లని గోదావరి గట్టు మీద కూర్చోబెట్టి మరీ చెప్పేవారు. మంత్రోపదేశం అందినవాళ్లకి పాతిక. అందనివాళ్లకి, ఏ ఒకరిద్దరో నిజంగా తెలివైనవాళ్లకి తప్ప, సున్నా. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లూ, నోరు లేనివాళ్లూ, పెద్ద క్లాసు వాళ్లతో తగువు పెట్టుకున్నవాళ్లూ ఈ రెండో జాతిలో పడేవారు.

ఆనంద్ కూడా అందులోనే పడ్డాడు. టీచరు కొడుకుతో చెబితే టీచరుతో చెప్పినట్టే కదా అని వాడికి ఒక్కడూ చెప్పలేదు. వాడు బుద్ధిమంతుడిలా పైనుంచి కిందకి చదివి, పైనుంచి కిందకి రాశాడు. తల్లి అడ్డంగా గీత గీసి సున్నా వేసింది. ఆ సున్నా కథ స్టాఫ్ రూములో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "కన్నకొడుకని చూశానా? చెయ్యి వణికిందా? వేశాను సున్నా!" అనేది. వినేవాళ్లు ఆహా అనేవారు. కొత్తగా చేరిన టీచర్లకి టీతోపాటు ఈ కథ కూడా పోసేవారు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. "ఒరేయ్ ఆనందూ, సైన్సు నీ ఒంటికి పడదురా. పదయ్యాక కామర్సు తీసుకో" అని ఇంట్లో తీర్పు చెప్పేసింది. వాడికా, రేడియో కనిపిస్తే చాలు, విప్పి మళ్లీ బిగించేదాకా అన్నం సయించేది కాదు. బిగించాక ఒకటో రెండో స్క్రూలు మిగిలిపోయేవి గానీ రేడియో మాత్రం పలికేది. అయినా అమ్మకంటే ఎక్కువ తెలుసా అని నోరు మూసుకుని కామర్సు చదివాడు. కాకినాడలో డిగ్రీ అయిందనిపించాడు. ఇప్పుడు ఫరంపేటలో ఒక చిన్న కొట్టు. సెల్లులకి రీచార్జి కార్డులూ, కవర్లూ అమ్ముతాడు. పొద్దున్నే తల్లిని స్కూటరు మీద బడి దగ్గర దింపి వెళ్లి కొట్టు తీస్తాడు. వాడికి దాని గురించి బాధ ఉందో లేదో ఆవిడ ఎప్పుడూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

రెండువేల అయిదో సంవత్సరం వార్షిక పరీక్షలకి ఆవిడ ఒక పడవ ప్రశ్న తయారుచేసింది. ఒక మోటారు పడవ యానాం నుంచి, ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు ఏటివాలున గంటకి ఆరు కిలోమీటర్ల చొప్పున వెళ్లింది. అదే దారిన ఏటికి ఎదురు గంటకి నాలుగు చొప్పున వెనక్కి వచ్చింది. రానూ పోనూ మొత్తం అయిదు గంటలు పట్టింది. సగటు వేగం ఎంత? ఆ వేగాన్ని బట్టి తిరిగిన దూరం ఎంత? లీటరుకి నాలుగు కిలోమీటర్లు నడిస్తే డీజిలెంత? లీటరు మండితే నలభై మెగాజౌళ్ల వేడి పుడుతుందనుకుంటే మొత్తం వేడెంత? అందులో నాలుగో వంతే పడవని తోస్తే, వృథాగా పోయింది ఎంత? ఈ ఆఖరి మెట్టుని మామూలుగానే, "ఇరవైనాలుగు కిలోమీటర్లు తిరిగొచ్చిన ఈ పడవ" అని మొదలుపెట్టింది.

పాండిచ్చేరి నుంచి కొత్తగా వచ్చిన ఆఫీసరు జేవియర్‌గారికి ఈ పేపరు తెగ నచ్చేసింది. నచ్చిందంటే చదివాడని కాదు. బొమ్మ బాగుంది, పడవ ఉంది, స్థానికత ఉంది అన్నాడు. అన్ని బళ్లకీ పంపే నమూనా ప్రశ్నల పుస్తకంలో దీన్ని వెయ్యాలనీ, ఫిలోమినాగారి పేరు ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారానికి రాయాలనీ ఆయనే తీర్మానించాడు. ఆ మాట విన్న రోజు ఆవిడ చర్చికెళ్లి కొవ్వొత్తులు వెలిగించి వచ్చింది. ఆ రోజు చింతపండు రసం ఎలా ఉందో కూడా చూసుకోకుండా పులుసు పెట్టేసింది.

జేవియర్‌గారికి ఇంకో ముచ్చట కూడా ఉంది. కంప్యూటరు. పరీక్షలయ్యాక పిల్లల మార్కులన్నీ అందులో ఎక్కించి చూశాడు. గొలుసు ప్రశ్నకి కొందరికి పాతిక, మిగతావాళ్లకి సున్నా. పదీ, పదిహేనూ అన్న అంకెలే లేవు. ఇదేదో తిరకాసుగా ఉందని ఆ సున్నా పేపర్లన్నీ తెప్పించి ముందేసుకున్నాడు. ఒకదానిలో ఆఖరి జవాబు నూట ఎనభై ఏడున్నర. రెండోదానిలోనూ నూట ఎనభై ఏడున్నర. అగ్రహారం బడి పిల్లాడిదీ అదే, మెట్టకూరు బడి పిల్లదీ అదే. సరైన జవాబు నూట ఎనభై. ఒప్పు రాసినవాళ్లందరూ ఒకేలా రాస్తే అది చదువు. తప్పు రాసినవాళ్లందరూ ఒకేలా, అదీ ఏడున్నరతో సహా రాస్తే?

"మాస్ కాపీయింగ్" అన్నాడు జేవియర్‌గారు.

నూట ఎనభై ఏడున్నర రాసినవాళ్లందరి ఫలితాలూ ఆపేశారు. కాపీ రుజువైతే ఏడాది పోయినట్టే, మళ్లీ తొమ్మిది చదవాల్సిందే అన్నారు. ఊరంతా గగ్గోలు. పాతిక బ్యాచ్ పిల్లలు మాత్రం మామిడికాయలకి రాళ్లు విసురుకుంటూ తిరిగారు.

ఫిలోమినా టీచరుకి ముందు పిల్లల మీదే కోపం వచ్చింది. తన పేపరు కాపీ కొడతారా! ఆ కోపంతోనే సాయిదివ్యని పిలిపించింది. ముమ్మిడివరం దగ్గరి పల్లెనుంచి రొయ్యల చెరువుల పనికి వచ్చిన వీరబాబు కూతురు. బళ్లో చేరి ఏడాది కూడా కాలేదు. అడిగితే తప్ప మాట్లాడని పిల్ల. తండ్రి కూడా వెంట వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఎవరి పేపర్లో చూసి రాశావే?"

"ఎవరిదీ చూళ్లేదండీ" అంది పిల్ల.

"మరి నూట ఎనభై ఏడున్నర ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆకాశం నుంచి ఊడిపడిందా?"

"ఆరూ నాలుగూ కలిపి సగం చేశానండి, అయిదొచ్చిందండి. సగటంటే అదే కదండీ. అయిదు గంటలకి పాతిక కిలోమీటర్లు. దానికి ఆరుంపావు లీటర్ల డీజిలు. దానికి రెండు వందల యాభై. అందులో ముప్పావు నూట ఎనభై ఏడున్నరండి." పిల్ల ముక్కు తుడుచుకుంది. "పై జవాబు తీసుకునే కిందది చెయ్యాలని మీరే అన్నారు కదండీ టీచర్. అలాగే చేశానండి."

"ఏడాది పోతే పోయిందండి" అన్నాడు వీరబాబు గుమ్మంలోంచి. "నాతో చెరువుకాడికి మేత వెయ్యడానికొచ్చేత్తాది. కానండీ, ఊరుగాని ఊరొచ్చి బతుకుతున్నోళ్లం. దొంగరాత రాసిందన్న పేరు మాత్రం వద్దండి. ఆ పేరొత్తే రేపు దీన్నెవరూ నమ్మరండి."

సగటు వేగం అలా రాదని టీచరుకి తెలుసు. ఏటికి ఎదురు ఎక్కువసేపు పడుతుంది కాబట్టి అయిదు కాదు, నాలుగు పాయింట్ ఎనిమిది వస్తుంది. కానీ ఆరూ నాలుగూ కనిపించగానే సగం చేసెయ్యడం లోకంలో ఎవరైనా చేసే పొరపాటే. అది ఒక్కటి చేశాక నూట ఎనభై ఏడున్నరకి వెళ్లే దారి కూడా ఒక్కటే. చూసి రాయక్కర్లేదు. గొలుసే లాక్కుపోతుంది.

అయితే మరి పాతిక వచ్చినవాళ్లు? వాళ్లన్నా సగటు వేగం తెలిసి రాశారు కదా అని మనసు కుదుటపరుచుకోవడానికి సౌజన్యని పిలిచింది. హెడ్మాస్టరు పాపారావుగారి అన్నకూతురు, పాతిక బ్యాచ్.

"సగటు వేగం ఎలా చేశావమ్మా, చెప్పు."

"కింద ఇరవైనాలుగు కిలోమీటర్లని ఉంది కదండీ. పైన అయిదు గంటలని ఉంది. భాగించేశానండి" అంది సౌజన్య చలాకీగా. "సగటు వేగమంటే ఏంటో నాకిప్పటికీ తెలీదండీ."

"కిందనుంచి చదివావా?"

"మీ పేపరు అందరూ కిందనుంచే చదువుతారండి టీచర్. మా అక్కా వాళ్లూ కూడా అలాగే చదివారండి. ఆనంద్ అన్నయ్య ఒక్కడికే చెప్పలేదంట, మీ అబ్బాయని." పిల్ల నవ్వబోయి, టీచరు మొహం చూసి ఆగిపోయింది.

ఆవిడ ఇంటికొచ్చి పొయ్యి వెలిగించలేదు. ఇన్నేళ్లూ పాతికలేసినవాళ్లకి సైన్సు వచ్చో రాకో తెలియదు. సున్నాలేసినవాళ్లకి రాదనీ తెలియదు. తన పేపరు కొలిచింది ఒకటే: ఎవరికి గట్టు మీద ఉపదేశం అందింది, ఎవరికి అందలేదు. వీరబాబు మొహం, ఆ పిల్ల ముక్కు తుడుచుకున్న తీరు కళ్లముందు నుంచి పోలేదు.

మర్నాడు పాపారావుగారి గదిలోకి వెళ్లి సంగతంతా చెప్పింది. "తప్పు పిల్లలది కాదండి, నా పేపరుది. జేవియర్‌గారికి చెప్పేస్తాను."

పాపారావుగారు సోషల్ చెప్పి హెడ్మాస్టరైన మనిషి. యుద్ధాలు ఎలా మొదలవుతాయో ఆయనకి బాగా తెలుసు. "ఏవండీ ఫిలోమినాగారూ, మీకేమైనా మతిపోయిందా? ఆ పేపరు బాగుందని సంతకం పెట్టింది ఎవరు? జేవియర్‌గారు. పంపింది ఎవరు? నేను. ఇప్పుడది తప్పని మీరంటే మేం ఏమవుతాం? కాపీ అంటే పిల్లలమీద పోతుంది, వాళ్లు చిన్నవాళ్లు, వచ్చే ఏడాది రాసుకుంటారు. మీ అవార్డు మీకొస్తుంది."

"సౌజన్య కూడా వచ్చే ఏడాది రాసుకుంటుందాండి?"

"దానికేం, దానికి పాతికొచ్చింది" అని, గుమ్మడికాయల దొంగ అన్నట్టు ఒకసారి భుజం తడుముకుని, ఆయన బెల్లు కొట్టించేశాడు.

అయినా ఆవిడ వెళ్లింది. జేవియర్‌గారు సావధానంగా విన్నాడు. విని నవ్వాడు. తమిళం కలిసిన తెలుగులో, "మేడమ్, పిల్లల మీద మీకు ఎఫెక్షన్ ఉంది, అది గుడ్. కానీ ఇంతమంది ఎవరిపాటికి వాళ్లు కూర్చుని ఒకే తప్పు చెయ్యడం ఇంపాసిబుల్. ఒకర్నొకరు చూస్తేనే వస్తుంది" అన్నాడు.

"అయితే మీరు రాయండి సార్."

"నేనా?"

"వేరే గొలుసు ఇస్తాను. మీరు ఒక గదిలో, హెడ్మాస్టరుగారు ఒక గదిలో. ఒకరికొకరు కనబడకుండా. ఎవరి తప్పులు వాళ్లకే వస్తాయేమో చూద్దాం."

కాదంటే భయపడ్డాడనుకుంటారు. జేవియర్‌గారు సరే అని మర్నాడు బడికొచ్చాడు. ఆయన ఒప్పుకున్నాక పాపారావుగారు కాదనలేకపోయాడు. ఇద్దరు చాలరు, ముగ్గురైనా ఉండాలన్నాడు జేవియర్‌గారు. టీచర్లని కూర్చోబెడితే ఫిలోమినాగారు ముందే చెప్పి ఉండొచ్చని అనుమానపడ్డాడు. సరిగ్గా అప్పుడే ఆనంద్ తల్లి మర్చిపోయిన కేరేజీ పట్టుకుని వరండాలోకి వచ్చాడు.

"ఇతన్ని కూర్చోబెట్టండి" అన్నాడు జేవియర్‌గారు. "ఏం బాబూ, సైన్సా?"

"కాదండి, కామర్సు" అన్నాడు ఆనంద్. తల్లి కేసి చూడలేదు.

మూడు గదులు, ముగ్గురు మనుషులు, ముగ్గురికీ ఒకటే కాగితం. ఈసారి ఆవిడ ఆఖరి మెట్టులో కథేమీ చెప్పలేదు. వెయ్యి లీటర్ల రొయ్యపిల్లల తొట్టి. నీళ్లలో లీటరుకి పదహారు గ్రాముల ఉప్పు. ఎండలకి ఆ ఉప్పదనం యాభై శాతం పెరిగింది. అప్పుడు తొట్టిలోని నీళ్లు కొన్ని మార్చి మళ్లీ వెయ్యి లీటర్లు చేస్తే, అలా పెరిగాక ఉన్న ఉప్పదనంలో యాభై శాతం తగ్గింది. ఇప్పుడు లీటరుకి ఎంత? తొట్టి మొత్తంలో ఎంత ఉప్పు? అదే ఉప్పుతో లీటరుకి ఎనిమిది గ్రాములకి దించాలంటే నీళ్లు మొత్తం ఎన్ని లీటర్లు కావాలి? కొత్తగా పొయ్యాల్సినవి ఎన్ని? నిమిషానికి పాతిక లీటర్లు తోడే మోటారు ఎంతసేపు నడవాలి?

ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పరీక్ష రాసేవాళ్లకంటే ఆవిడకే ఎక్కువ చెమటలు పట్టాయి. ముగ్గురిలో ఒక్కరు మొదటి మెట్టు సరిగ్గా చేసినా తన వాదన వీగిపోతుంది. సాయిదివ్య చెరువు దగ్గర మేత వేస్తుంది. జీవితంలో మొదటిసారి ఫిలోమినా టీచరు, పరీక్ష రాసేవాళ్లు తప్పు చెయ్యాలని మరియమ్మ తల్లికి మొక్కుకుంది.

జేవియర్‌గారు ముందుగా బయటికొచ్చాడు, మీసం దువ్వుకుంటూ. తరవాత పాపారావుగారు. ఆఖర్న ఆనంద్. మూడు కాగితాలూ బల్లమీద పక్కపక్కన పరిచింది. పెరిగింది యాభై, తగ్గింది యాభై, కాబట్టి మళ్లీ పదహారే. ముగ్గురూ అదే రాశారు. పదహారు కిలోల ఉప్పు, రెండు వేల లీటర్లు, కొత్తగా వెయ్యి, నలభై నిమిషాలు. నలభై, నలభై, నలభై.

"పదహారు యాభై శాతం పెరిగితే ఇరవైనాలుగు సార్. ఇరవైనాలుగులో యాభై శాతం పోతే పన్నెండు. అక్కణ్ణుంచి చేసుకుంటూ వస్తే ఇరవై నిమిషాలు" అంది మెల్లిగా. "మీరు పాపారావుగారి పేపర్లో చూశారా సార్? ఆయన మీ పేపర్లో చూశారా?"

పాపారావుగారు కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. జేవియర్‌గారు కాగితాలు అటు తిప్పి ఇటు తిప్పి, ఏదో దొరుకుతుందేమోనన్నట్టు వెనకవైపు కూడా చూశాడు. మొహం ఎర్రబడింది. ఆవిడ ఎర్ర కలం తీసి, ఆయన పేపరు మీద అడ్డంగా గీత గీసి, పక్కన ముత్యంలాంటి సున్నా వెయ్యబోయింది.

"మేడమ్, మేడమ్, ఒక్క నిమిషం!" ఆయన చెయ్యి అడ్డం పెట్టేశాడు. "సున్నా ఏంటి? ఫస్ట్ స్టెప్ ఒక్కటే కదా తప్పింది! తర్వాత నాలుగూ చూడండి, మెథడ్ కరెక్ట్. పదహారు గ్రాములైతే పదహారు కిలోలే కదా? అన్నీ కరెక్టే కదా? ఒక్క తప్పుకి అయిదుసార్లు కొడతారా మనిషిని? ఇరవై రావాలి నాకు!"

"రావాలి సార్" అంది ఫిలోమినా టీచరు. "మీకు వస్తే సాయిదివ్యకి కూడా రావాలి."

ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలింది. ఆఫీసరే గానీ చెడ్డవాడు కాదు. కాసేపు కుర్చీలో కూలబడి, ఆ తర్వాత నవ్వేశాడు. ఆ మధ్యాహ్నమే ఆపిన ఫలితాలన్నీ వదిలేశారు. మొదటి మెట్టు తప్పినా మిగతా నాలుగూ విడివిడిగా దిద్దమని కాగితం పంపించారు. కాపీ అన్న మాట దాంట్లో ఎక్కడా లేదు. అసలు తప్పెవరిదన్న మాట కూడా లేదు. తిలా పాపం తలా పిడికెడు కదా, ఎవరి పిడికెడు వాళ్లు జేబులో వేసుకున్నారు. వీరబాబు బడికొచ్చి, "దొంగరాత కాదని అందరి ముందూ ఓ మాట చెప్పండి టీచర్‌గారూ" అన్నాడు. ఆవిడ అసెంబ్లీలో మైకు పట్టుకుని చెప్పింది. తన పేపరే తప్పని కూడా చెప్పింది. పిల్లలకి మొదటి సగం వినబడింది, రెండో సగం దగ్గర మైకు పోయింది.

పురస్కారం వద్దని ఆవిడ రాసిచ్చింది. పడవ ప్రశ్నని పుస్తకంలోంచి తీసెయ్యమని కూడా రాసింది. అవార్డు పోయింది గానీ, పుస్తకం అప్పటికే అచ్చయిపోయింది. పాండిచ్చేరి పాలనలోని నాలుగు ప్రాంతాల్లోనూ ఆ పడవ ఇరవైనాలుగు కిలోమీటర్లు తిరుగుతూనే ఉంది.

ఇదంతా తర్వాతి సంగతి. ఆ పరీక్ష రోజు మాత్రం, జేవియర్‌గారు తన పేపరు మీద తానే ఇరవై వేసుకున్నాక, ఆ ఉత్సాహంలో పక్కనున్న కాగితం కూడా లాక్కున్నాడు. "ఇది ఎవరిది? ఈ కుర్రాడిదా? గుడ్, నీట్‌గా చేశాడు. ఇతనికీ ఇరవై" అని ఎర్ర సిరాతో వేసి, కింద గీత గీసి ఆనంద్ చేతికిచ్చాడు. "కామర్సు అన్నావు, సైన్సు తీసుకోవాల్సింది బాబూ!"

ఆయన సరదాకే అన్నాడు. ఆనంద్ కూడా నవ్వాడు. ఫిలోమినా టీచరు ఒక్కతే నవ్వలేదు.

సాయంత్రం స్కూటరు దగ్గరికి వచ్చేసరికి వాడు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. "కొట్లో అద్దం కింద పెడతానమ్మా. సైన్సులో నా మొదటి ఇరవై" అన్నాడు. ఊరంతటి పిల్లలకోసం కొట్లాడి గెలిచిన మనిషి ఆవిడ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆవిడ వరస తప్పింది. అన్నేళ్లూ స్టాఫ్ రూములో గొప్పగా చెప్పుకున్న కథ ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఆనందూ" అంది. "అప్పుడు నీ తొమ్మిదో క్లాసులో... నేను సున్నా వేశానే. ఆ పేపర్లో మిగతా నాలుగూ సరిగ్గానే చేశావా నాన్నా?"

వాడు స్టాండు తీస్తూ కాసేపు ఆలోచించాడు. కోపమేమీ లేదు వాడి మొహంలో. నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు.

"ఏమోనమ్మా" అన్నాడు. "నువ్వు దిద్దలేదు కదా."

ఆవిడ అక్కడే నిలబడిపోయింది. కళ్లవెంట నీళ్లు వచ్చేశాయి. వాడు వెనక్కి చూడకుండానే స్కూటరు స్టార్టు చేసి, సీటు మీద దుమ్ము చేత్తో తుడిచాడు.

"ఎక్కమ్మా" అన్నాడు. "కొట్టు మళ్లీ తియ్యాలి."